నేల నోరు మూసిన నేరం

మా అపార్ట్‌మెంట్ ఆవరణలో పిడికెడు మట్టి కూడా బయటికి కనపడకుండా చేసినవాణ్ణి నేనే. సంఘానికి కార్యదర్శిగా ఎన్నికైన కొత్తలో, పదిమందికీ కనపడే పని ఒకటి చేసి చూపించాలన్న ఆరాటంతో చేశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, ఎవరూ మోసగించలేదు. తెలియక చేశానని తప్పించుకోవడానికీ లేదు. చెప్పినవాళ్లున్నారు, నేనే చెవిన పెట్టలేదు. ఆ తెలివితక్కువతనాన్ని ఇప్పుడు పూసగుచ్చినట్టు రాయడానికి ఒకటే కారణం: మన ఊళ్లలో ఇదే పని ఈ రోజు కూడా ఎక్కడో ఒకచోట, అచ్చం నాలాంటి సదుద్దేశంతోనే జరుగుతోంది.

మాది హైదరాబాద్‌లో ఐదంతస్తుల భవనం. చుట్టూ వదిలిన ఖాళీ జాగా, ముందు వాకిలి కలిపి సుమారు 300 చదరపు గజాలు. అప్పట్లో అదంతా మట్టి. నడవడానికి మధ్యలో షాబాదు బండలు, ప్రహరీ వెంబడి నందివర్ధనం, కరివేపాకు, గేటు పక్కన ఒక పెద్ద వేపచెట్టు. వానాకాలం వస్తే బురదయ్యేది. స్కూటర్ స్టాండు వేస్తే దిగబడేది. పిల్లల బూట్లకంటిన మట్టి మెట్లంతా, లిఫ్టంతా అంటేది. ప్రతి మీటింగులోనూ అదే గోల. అడుగు మట్టి కనపడకుండా బెడ్ కాంక్రీటు పోసి, పైన టైల్స్ పరిపిద్దామని నేను ప్రతిపాదిస్తే అందరూ చప్పట్లు కొట్టారు.

పని మొదలైన రోజు మా వాచ్‌మన్ నా పక్కకొచ్చి నిలబడ్డాడు. పాలమూరు మనిషి. వానలు సరిగ్గా పడక సేద్యం వదిలి పట్నం వచ్చినవాడు. "అంత సిమెంటే పోస్తే నీళ్లు యాడికి పోతయ్ సార్?" అన్నాడు. "గేటు వైపు స్లోప్ ఇప్పిస్తున్నాం, చుక్క నిలవదు, అన్నీ రోడ్డు మీదికి పోతాయి" అన్నాను. ఆ జవాబు చెప్పేటప్పుడు నాకెంత గర్వంగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. నీళ్లు బయటికి పోవడమే నాకు తెలిసిన శుభ్రత. ఆయన ఇంకేమీ అనలేదు. మేస్త్రీ తాపీతో వేప మొదలు దాకా సిమెంటు మెత్తుతుంటే నేను దగ్గరుండి, ఖాళీ వదలొద్దని చెప్పి మరీ చేయించాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటి చేశాను. మా భవనం ప్లానులో ఇంకుడుగుంత ఉంది. 2002లో వాల్టా చట్టం వచ్చాక ఇళ్ల ఆవరణల్లో వాననీటిని ఒడిసిపట్టే ఏర్పాటు తప్పనిసరైంది. అందుకే బిల్డరు ఈశాన్యం మూల ఒక గుంత తవ్వించి కంకర నింపించాడు. టైల్స్ పరిచేటప్పుడు ఆ మూల ఎత్తుపల్లాలుగా ఉందని మేస్త్రీ అంటే, దాని మీద కూడా పరిచెయ్యమన్నాను. చట్టం ఎందుకు పెట్టారో, ఆ గుంత అక్కడెందుకుందో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే నా చెయ్యి ఆగేది.

ఆ ఏడు వానలకు మా ఆవరణ అద్దంలా మెరిసింది. అందరూ మెచ్చుకున్నారు. మా వీధి పల్లానికి ఉంటుంది. చివరింట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. ఒక పెద్ద వాన వెలిశాక ఆమె మా గేటు దాకా వచ్చి, "బాబూ, మీ ఆవరణలోంచి వచ్చే నీళ్లు మా వరండాలోకి ఎక్కుతున్నాయి, కాస్త చూడండి నాయనా" అన్నారు. "అది డ్రైనేజీ సమస్యమ్మా, మున్సిపాలిటీకి కంప్లైంట్ ఇవ్వండి" అని చెప్పి పంపేశాను. మా ఇంటి నీళ్లు ఆమె ఇంట్లోకి పంపి, పైగా దారి ఆమెనే వెతుక్కోమన్నాను. నేను సిగ్గుపడాల్సిన మాటల్లో దానికంటే పెద్దది లేదు.

తరవాత ఎండాకాలం వచ్చింది. బోరు గురగురమని గాలి కక్కడం మొదలుపెట్టింది. బోర్లు ఎండడానికి కారణాలు చాలా ఉంటాయి. చుట్టుపక్కల అందరూ తోడేస్తారు, వానలు తగ్గుతాయి, ఈ ఊరి కింద ఉన్నదంతా గ్రానైటు బండ కాబట్టి నీళ్లు పగుళ్లలోనే దొరుకుతాయి. తప్పంతా మా టైల్స్‌దేనని నేననను. కానీ ట్యాంకర్ల బిల్లులు చేతిలో పెట్టుకుని లెక్క వేసిన రోజు నాకు తల తిరిగింది. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు. మా 300 గజాలంటే దాదాపు 250 చదరపు మీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. గుణిస్తే 2 లక్షల లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 40. అందులో కొంత ఆవిరైపోతుంది, కొంత చెట్లు తాగుతాయి, అంతా పాతాళానికి చేరదు, నిజమే. అయినా దేవుడు ఉచితంగా మా వాకిట్లో పోసిన నీళ్లను స్లోప్ కట్టి మరీ వీధిలోకి తోలి, మళ్లీ ఎండాకాలం వీధిలోంచే డబ్బిచ్చి కొనుక్కున్నాం. ఈ నగరం కృష్ణను నాగార్జునసాగర్ నుంచి, గోదావరిని ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో తోడి తెచ్చుకుంటోంది. అంత దూరం నుంచి అంత కరెంటు ఖర్చుతో వచ్చిన నీళ్లు తాగుతూ, మన నెత్తిన పడిన నీళ్లను కాలవలో కలిపేస్తున్నామన్న స్పృహ నాకు అంతకు ముందు లేనే లేదు.

వేపచెట్టు సంగతి రాయాలంటే చెయ్యాడదు. పైకొమ్మలు ఎండుతూ వచ్చాయి. చెట్టుకు నీళ్లెంత అవసరమో, వేళ్లకు గాలీ అంతే అవసరం. మొదలు చుట్టూ సిమెంటు మెత్తితే రెండూ అందవు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఆ వార్త నేను పేపర్లో చదివాను కూడా. చదివినదానికీ మా గేటు పక్కనున్న చెట్టుకూ సంబంధం ఉందని తోచలేదు.

దారి చూపించింది మా భవనంలోనే అద్దెకుండే ఒక సివిల్ ఇంజినీరింగ్ అధ్యాపకుడు. ఒక సాయంత్రం ఆయన కాలేజీ ల్యాబులో పోసిన కాంక్రీటు దిమ్మ ఒకటి తెచ్చి మా మెట్ల మీద పెట్టారు. చూడ్డానికి మరమరాల ఉండలా ఉంది: కంకర రాయి ప్రతిదానికీ సిమెంటు పాకం పట్టి, రాయికీ రాయికీ మధ్య ఖాళీలు కనపడుతున్నాయి. చెంబుడు నీళ్లు తెప్పించి పైనుంచి ధారగా పోశారు. దిమ్మ పైన ఒక్క చుక్క నిలవలేదు, పక్కలకు జారలేదు. పోసింది పోసినట్టే లోపలికి దిగి, అడుగు నుంచి మెట్టు మీదికి కారిపోయింది. నేనే ఇంకో చెంబు పోశాను. మళ్లీ అంతే. దీన్నే పర్వియస్ కాంక్రీట్ అంటారనీ, నీరింకే కాంక్రీటనుకోవచ్చనీ చెప్పారు.

ఇందులో మంత్రం లేదు. మామూలు కాంక్రీటులో కంకర మధ్య ఖాళీలను ఇసుక పూడుస్తుంది. ఇందులో ఇసుక వెయ్యరు, వేసినా నామమాత్రంగా వేస్తారు. ఇంచుమించు ఒకే సైజు కంకర, దానికి పూత పట్టేంత సిమెంటు, నీళ్లు కొలిచి కొలిచి చాలా తక్కువ. నీళ్లెక్కువైతే సిమెంటు కిందికి జారి అడుగున పొరలా పేరుకుని దారి మూసేస్తుంది. తక్కువైతే రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవు. ఇలా చేస్తే మొత్తంలో 15 నుంచి 25 శాతం దాకా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి నీళ్లకు దారి. కొత్తగా పోసిన పలక చదరపు మీటరుకు నిమిషానికి 100 లీటర్లకు పైగా దించుకుంటుంది. గంటకు 10 సెంటీమీటర్ల జడివానంటే అదే చదరపు మీటరు మీద నిమిషానికి రెండు లీటర్లకు లోపే. ఎంత వాన పడినా పలక అడ్డం కాదన్నమాట. నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయన్నది దాని కిందున్న నేలను బట్టి ఉంటుంది.

ఇది నిన్న మొన్నటి విద్య కూడా కాదు. ఇసుక లేని కాంక్రీటుతో ఇంగ్లండులో 19వ శతాబ్దం మధ్యలోనే ఇళ్లు కట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తరవాత సిమెంటు కరువులో అక్కడ మళ్లీ వాడారు. వాననీటిని ఇంకించే గచ్చుగా వాడటం అమెరికాలో ఫ్లోరిడా వైపు 1970ల నుంచి ఉంది. మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కూడా 2017 నాటి మిశ్రమాల మార్గదర్శకంలో దీనికి చోటిచ్చింది. ఇంత పాత సంగతి నాకు కొత్తగా తెలియడం నా అజ్ఞానమే.

తెలిశాక ఆగలేకపోయాను. నా రెండో తెలివితక్కువతనం అక్కడ మొదలైంది. టైల్స్ పీకించాం. కింద పాత బెడ్ కాంక్రీటు గట్టిగా ఉంది. దాన్ని పగలగొట్టాలంటే కూలి, శిథిలాలు ఎత్తిపోసే ట్రాక్టర్ల ఖర్చు. "దాని మీదే ఈ కొత్తది పోసేద్దాం, డబ్బు మిగులుతుంది" అన్నాను. అధ్యాపకుడు అప్పుడు ఊళ్లో లేరు. వచ్చేదాకా ఆగుదామని మేస్త్రీ అన్నాడు. వానలొచ్చేస్తాయని నేనే తొందరపెట్టాను. గేటు వైపు ఒక పట్టీ పోయించాను. మొదటి వానకు నీళ్లన్నీ చక్కగా పైనుంచి మాయమైతే మురిసిపోయాను. తెల్లారేసరికి లిఫ్టు గుంతలో నీళ్లున్నాయి. కొత్త పలకలోంచి దిగిన వాన పాత బెడ్ మీద ఆగి, దాని పగుళ్ల వెంబడి పక్కకు పారి, పల్లంగా ఉన్న లిఫ్టు గుంతను వెతుక్కుంది. పైన దారి తెరిచి కింద మూసి ఉంచితే నీళ్లు ఏం చేస్తాయి? తమ దారి తాము చూసుకుంటాయి. పలక కొత్తదైతే చాలు పని జరుగుతుందనుకున్నాను. అసలు పని పలకది కాదు, నేలది. పలక నేలకు అడ్డం రాకుండా ఉంటుంది, అంతే.

పోసింది పోసినట్టు పగలగొట్టించి మొదటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి పాత బెడ్ మొత్తం తీసేయించాం. కింద ఎర్రమట్టి, దాని కింద మొరం. రోడ్డు వేసేటప్పటిలా రోలరుతో తొక్కి గట్టిచెయ్యలేదు, నేల గుల్లగా ఉండాలి. మట్టి పైకి రాకుండా జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దాని మీద దుమ్ము లేకుండా కడిగిన కంకర 20 సెంటీమీటర్లు, ఆపైన నీరింకే కాంక్రీటు 15 సెంటీమీటర్లు. ఈ కింది కంకర పొరే నిజమైన చెరువు. అందులో ఇంచుమించు 40 శాతం ఖాళీ ఉంటుంది కాబట్టి 8 సెంటీమీటర్ల వానను దాచుకోగలదు. పై పలక ఇంకో 3 సెంటీమీటర్లు. నేల నెమ్మదిగా తాగుతున్నా, 11 సెంటీమీటర్ల వాన దాకా ఆవరణ దాటకుండా ఆగుతుంది. లిఫ్టు వైపు, పునాది వైపు పలక వెయ్యకుండా కొంత జాగా వదిలి, అటు నీళ్లు పోకుండా అడ్డు కట్టించాం. ఈశాన్యం మూల ఇంకుడుగుంతను మళ్లీ తెరిపించాం.

పోసేటప్పుడు మేస్త్రీలకు అలవాటైన పనులన్నీ మానిపించాల్సి వచ్చింది. వైబ్రేటర్ పెట్టకూడదు, పెడితే సిమెంటు అడుగుకు దిగుతుంది. తాపీతో నున్నగా రుద్దకూడదు. తేలికపాటి రోలరు దొర్లించి వదిలెయ్యాలి. నీళ్లు తక్కువగా ఉంటాయి కనక మన ఎండలకు ఇట్టే ఆరిపోతుంది. పోసిన ఇరవై నిమిషాల్లోపే ప్లాస్టిక్ పట్టా కప్పి, వారం రోజులు తియ్యకుండా ఉంచాలి. ఒక మూల పట్టా గాలికి లేచిపోయింది. అక్కడ ఇప్పటికీ రాళ్లు చేతికి ఊడి వస్తాయి.

ఇంతా అయ్యాక నేను మూడో పొరపాటు చెయ్యబోయాను. పై అంతస్తు వాళ్లు వచ్చి, "ఇదేంటండీ, బొక్కలు బొక్కలుగా, పని సగంలో ఆపేసినట్టుంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. పైన పల్చగా సిమెంటు పాలు పోయించి నున్నగా చేయిద్దామనుకున్నాను. మేస్త్రీ బకెట్టులో కలిపి తెచ్చాడు కూడా. వాచ్‌మన్ అడ్డొచ్చాడు. "మల్ల నోరు మూస్తున్నరా సార్?" అన్నాడు. ఈసారి ఆయన మాట విన్నాను. నున్నగా కనపడితేనే పని పూర్తయిందనుకునే కన్ను నాది. ఆ కన్నుతోనే మొదట మట్టిని కప్పించాను. గరుకు దాని పనితనం. ఆ గరుకు వల్లే వానలో నడిచేవాళ్లకు కాలు జారదు. వాన వెలవగానే నీటి పొర లేకుండా ఉంటుంది.

ఇప్పుడు మా ఆవరణ ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెబుతాను. బోరు నిండిపోలేదు, నిండుతుందని ఎవరూ మాటివ్వలేదు. ఒక్క ఆవరణతో భూగర్భజలం పెరగదు. కానీ మామూలు వానలకు మా గేటులోంచి వీధిలోకి నీళ్లు రావడం లేదు. మడుగులు లేవు కాబట్టి దోమలకు తావు తగ్గింది. టైల్స్ ఎండకు కాలి రాత్రి దాకా సెగలు కక్కేవి. ఇది ఖాళీలున్న పలక, లోపలి తేమ ఆవిరవుతుంది కనక అంత వేడిని పట్టి ఉంచదు. వేప మొదలు చుట్టూ మట్టి వదిలాం. ఎండిన కొమ్మలు కొట్టించాక పక్కనుంచి కొత్త చిగుళ్లు వచ్చాయి. ఆ చివరింటి పెద్దావిడ దగ్గరికి వెళ్లి, ఆనాడు తప్పు నాదేనని చెప్పి క్షమించమని అడిగాను.

ఈ పలకకు సంరక్షణ కావాలి. ఖాళీలు మట్టితో, ఆకులతో, దుమ్ముతో పూడుకుపోతే ఇది కూడా మామూలు గచ్చే. చీపురుతో ఊడవడం చాలదు. ఏడాదికి రెండుమూడు సార్లు ప్రెషర్ వాషరుతో కడిగించాలి, వీలైతే వ్యాక్యూమ్‌తో దుమ్ము లాగించాలి. పక్కన పూలమడి మట్టి పలక కంటే కిందికి ఉండాలి, లేకపోతే ప్రతి వానకూ బురద దాని మీదికే వస్తుంది. మా వాళ్లొకరు ఫ్లాటు మరమ్మతుల కోసం ఇసుక ట్రాక్టరు దాని మీదే దింపించారు. ఆ మచ్చ ఎంత కడిగినా పూర్తిగా పోలేదు. అప్పటి నుంచి ఇసుక, సిమెంటు దాని మీద పెట్టకూడదని సంఘం తీర్మానం చేసింది.

ఎక్కడ పడితే అక్కడ పోసేదీ కాదు. మామూలు కాంక్రీటంత బలం దీనికుండదు. లారీలు, బస్సులు తిరిగే రోడ్డుకు పనికిరాదు. పెట్రోలు బంకులు, రసాయనాల గోదాములు ఉన్నచోట వెయ్యకూడదు, అక్కడ ఇంకేది విషమే. సెప్టిక్ ట్యాంకు పక్కనా అంతే. నల్లరేగడి నేలల్లో జాగ్రత్త కావాలి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, నీళ్లు నెమ్మదిగా తాగుతుంది. అక్కడ అడుగున చిల్లుల పైపు వేసి మిగులు నీటిని కాలవకో గుంతకో పంపాలి. ఫుట్‌పాత్‌లు, పార్కుల్లో నడకదారులు, సైకిల్ బాటలు, బళ్ల పార్కింగులు, కాలనీ లోపలి సందులు, బడి ఆవరణలు, గుడి ప్రాంగణాలు దీనికి తగిన చోట్లు. మన నగరాల్లో సిమెంటు మింగిన జాగాలో ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో ఒకసారి ఊహించండి.

వరదలన్నీ దీనితో ఆగిపోతాయని కూడా నేను చెప్పను. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. అంత వానను ఏ పలకా దాచలేదు. చైనాలో నగరాలను స్పాంజిలా నీళ్లు పీల్చేలా మార్చాలని 2015 నుంచి పెద్ద ఎత్తున ఖర్చుపెట్టారు. అయినా 2021 జూలైలో ఝెంగ్‌ఝౌ నగరంలో ఒక్క గంటలో 20 సెంటీమీటర్ల వాన పడితే మునిగిపోయింది. పెద్ద వానలకు చెరువులే దిక్కు, వాటిని కలిపే నాలాలే దిక్కు. 1908 మూసీ వరద తరవాత ఈ ఊరికి గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టుకున్నది అందుకే. కానీ ప్రతి ఏడూ మన వీధులను ముంచేవి అలాంటి మహావానలు కావు, గంటసేపు కురిసే మామూలు వానలు. వాటిని ఎక్కడ పడ్డవి అక్కడే ఇంకించుకోగలిగితే, నాలాల్లో పెద్ద వానకు చోటు మిగులుతుంది.

నా తెలివితక్కువతనానికి మూలం సిమెంటు కాదు. వాన అంటే వదిలించుకోవాల్సిన చెత్త అనుకోవడం. ఆ ఆలోచన మారకపోతే ఎంత కొత్త పదార్థం తెచ్చినా పాత బెడ్ మీదే పోస్తాం.

కనక మీ అపార్ట్‌మెంట్ మీటింగులో, మీ కాలనీ సంఘంలో, మీ వార్డు సభలో ఎవరైనా "మొత్తం సిమెంటు పోయిద్దాం" అన్నప్పుడు దయచేసి చెయ్యెత్తి ఆపండి. మట్టి ఉన్నచోట మట్టినే ఉంచమనండి. తప్పనిసరిగా పరవాల్సిన చోట నీరింకే కాంక్రీటు అడగండి. కింది నేలను తెలిసిన ఇంజినీరుతో చూపించాకే పని మొదలుపెట్టించండి. చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు వదలండి. మీ ఇంకుడుగుంత ఎక్కడుందో ఈ వారమే వెతికి, దాని మీద ఏదైనా పరిచి ఉంటే తీయించండి. ఇవన్నీ మృగశిర కార్తె రాకముందే చెయ్యాల్సిన పనులు.